విద్యాబోధనలో ఇంటరాక్టివ్ మల్టీమీడియా – మౌస్ ఎవరి చేతిలో ఉంది?

నేడు ఏ పాఠశాల గోడ మీద చూసినా, ఏ కళాశాల కరపత్రం తిరగేసినా ‘డిజిటల్ క్లాస్‌రూమ్’, ‘స్మార్ట్ క్లాస్’ అనే మాటలు కనిపిస్తున్నాయి. ఈ మాటల వెనుక ఉన్న అసలు విషయం ఏమిటో, అది మనలాంటి హాస్టల్ విద్యార్థులకు ఎంతవరకు ఉపయోగపడుతుందో తెలుసుకోవాలని ఈ సంవత్సరం మేము కొంత చదివాము, కొంత చేసి చూశాము. మేము అంటే ఈ హాస్టల్‌లో ఉండి పీజీ చదువుతూ, సాయంత్రం పూట కింది తరగతుల తమ్ముళ్ళకు లెక్కలు, సైన్సు చెబుతున్న కొద్దిమందిమి. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. కనుక పాఠం అర్థం కాకపోతే ఇంటికి వెళ్ళి ఎవరినీ అడగలేని పరిస్థితి ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. ఆ దృష్టితోనే ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా మాటల అర్థం చూద్దాం. రాత, మాట, బొమ్మ, కదిలే బొమ్మ, శబ్దం – వీటన్నిటినీ కలిపి ఒక విషయాన్ని చెప్పడమే మల్టీమీడియా. ఆ లెక్కన సినిమా కూడా మల్టీమీడియానే. అయితే మనం హాలులో నిద్రపోయినా సినిమా నడుస్తూనే ఉంటుంది. అది ఇంటరాక్టివ్ కాదు. మనం ఏదో ఒకటి చేయాలి, మనం చేసినదాన్ని బట్టి ఎదురుగా ఉన్నది మారాలి, ఆ మార్పును చూసి మనం మళ్ళీ ఆలోచించాలి. అప్పుడే దానిని ఇంటరాక్టివ్ మల్టీమీడియా అనాలి. పెన్‌డ్రైవ్‌లో వీడియో తెచ్చి టీవీకి పెట్టి పిల్లల్ని వరుసగా కూర్చోబెడితే అది తెర మీద ఉపన్యాసమే అవుతుంది. మనం చూసిన ‘స్మార్ట్’ తరగతుల్లో ఎక్కువ భాగం ఇలాంటివేనని చెప్పక తప్పదు.

ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. బుర్రకథ చూసినవారికి తెలుస్తుంది. మధ్యలో కథకుడు తంబురా మీటుతూ కథ చెబుతాడు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకొని ఇద్దరు వంతలు నిలబడతారు. రాజకీయ వంత కథను ఈనాటి సంగతులతో ముడిపెడతాడు. హాస్య వంత మధ్యలో అడ్డు తగిలి, జనానికి వచ్చే సందేహాలే తాను అడుగుతాడు. పాట, వాద్యం, అభినయం, ప్రశ్న, జవాబు అన్నీ అందులో ఉన్నాయి. మంచి కంప్యూటర్ పాఠంలో ఉండవలసినది ఆ వంతే అని మా అభిప్రాయం. సరైన చోట కథను ఆపి ‘అదెలాగ?’ అని అడిగేవాడు లేకపోతే ఎన్ని రంగులు పోసినా పాఠం ముందుకు సాగదు.

మన రాష్ట్రంలో తెర మీద పాఠాలకు పెద్ద చరిత్రే ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం వాడుకొని, 6 రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. ఉదయం పూట బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఊళ్ళలో పెట్టిన యాంటెన్నాలు సుమారు పది అడుగుల వెడల్పు ఉండేవి. వాటిని కోళ్ళ గూళ్ళకు కట్టే తీగవలతో చేశారు. అంత చవకైన సామాను మీద ఆకాశం నుంచి పాఠం దిగిందంటే ఈనాటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అయితే పిల్లవాడికి సందేహం వస్తే అడగడానికి అందులో దారి లేదు.

ఆ తరువాత 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. కేవలం విద్య కోసమే ఉద్దేశించిన మొదటి భారతీయ ఉపగ్రహం అది. 2010 సెప్టెంబరులో దాని సేవలు ముగిశాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ కాలంలోనే ‘మన టీవీ’ ద్వారా పాఠాలు ప్రసారమయ్యేవి. స్టూడియోలో అధ్యాపకుడు పాఠం చెబుతుంటే ఊళ్ళో ఉన్న విద్యార్థి ఫోన్ చేసి ప్రశ్న అడిగే వీలు ఉండేది. వేలమంది చూస్తుంటే ఫోన్ కలిసేది ఏ నలుగురికో. అయినా తెర వైపు నుంచి మన వైపుకు మాత్రమే నడిచిన దారి రెండో వైపుకు కూడా తెరుచుకున్నది అప్పుడే. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఆ వ్యవస్థ 2017లో టీ-శాట్‌గా మారింది.

ఇక బొమ్మ, మాట కలిస్తే పాఠం ఎందుకు బాగా ఎక్కుతుంది అన్న ప్రశ్నకు వద్దాం. కెనడా మనస్తత్వవేత్త అలెన్ పైవియో 1970ల తొలినాళ్ళలోనే చెప్పినదేమంటే, మన మెదడు మాటలను ఒక దారిలో, దృశ్యాలను మరొక దారిలో తీసుకుంటుంది. కాలిఫోర్నియాకు చెందిన రిచర్డ్ మేయర్ దీని ఆధారంగా అనేక ప్రయోగాలు చేసి 2001లో ‘మల్టీమీడియా లెర్నింగ్’ అనే పుస్తకం వెలువరించారు. ఆయన చెప్పినవాటిలో మనకు బాగా పనికివచ్చేవి రెండు మూడు ఉన్నాయి. కదిలే బొమ్మను చూపిస్తూ నోటితో వివరిస్తే పిల్లవాడికి అర్థమవుతుంది. అదే వివరణను తెర మీద అక్షరాల్లో కూడా పెడితే కళ్ళు బొమ్మను చూడాలా, అక్షరాలు చదవాలా అని తడబడతాయి, ఫలితం తగ్గుతుంది. అలాగే పాఠానికి సంబంధం లేని సంగీతం, మెరుపులు, కార్టూన్లు నేర్చుకోవడానికి అడ్డమే. పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, ‘తరువాత’ అనే మీటను విద్యార్థి చేతికే ఇస్తే బాగా గుర్తుంటుంది. మార్కెట్‌లో దొరికే పాఠాల సీడీలు, యాప్‌లు చాలావరకు ఈ సూత్రాలకు ఎదురు వెళ్ళేవే. ప్రతి తెర మీదా గంటలు మోగుతుంటాయి.

మేము చేసి చూసిన పాఠం గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. 10వ తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో లోహ సంగ్రహణ పాఠం ఉంది. అందులో బ్లాస్ట్ కొలిమి బొమ్మ వస్తుంది. విశాఖలో పుట్టి పెరిగిన పిల్లలకు ఉక్కు కర్మాగారం పేరు తెలియనిది కాదు. గోదావరి అనే మొదటి కొలిమి 1990లో, కృష్ణ అనే రెండవది 1992లో, అన్నపూర్ణ అనే మూడవది 2012లో వెలిగాయి. మొదటి రెండు కొలుములు కట్టినప్పుడు ఒక్కొక్కదాని ఘనపరిమాణం 3200 ఘనపు మీటర్లు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం మీదుగా వస్తుంది. కోకు చేయడానికి కావలసిన బొగ్గులో ఎక్కువ భాగం ఓడల్లో విదేశాల నుంచి రేవుకు వస్తుంది. పుస్తకంలో పాఠం చదివే పిల్లవాడి తండ్రి ఆ రేవులో గాని, ఆ కర్మాగారంలో కాంట్రాక్టు పనిలో గాని ఉండవచ్చు. అయినా పరీక్షలో ఆ బొమ్మ వేయమంటే మా తమ్ముళ్ళు సగం మంది వదిలేస్తారు.

ఎందుకు వదిలేస్తున్నారని అడిగితే ఒక సంగతి బయటపడింది. కోకు ఎందుకు వేస్తారంటే అందరూ ‘మంట కోసం’ అన్నారు. అది సగం నిజమే. కోకు మండి వచ్చిన బొగ్గుపులుసు వాయువు మిగిలిన వేడి కోకుతో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసి ఇనుమును విడదీసేది ముఖ్యంగా ఆ వాయువే. అంతేకాక, పైనుంచి పడే అంత బరువును మోస్తూ గాలి పోవడానికి సందులు ఉంచేది కూడా కోకే. ఈ మూడు పనులూ కదలని బొమ్మలో కనబడవు. కొలిమి పైభాగంలో సుమారు 200 డిగ్రీలు, కింద గాలి ఊదే చోట సుమారు 2000 డిగ్రీలు ఉంటుంది. పైనుంచి రాయి దిగుతుంది, కిందనుంచి వాయువు ఎక్కుతుంది. ఎదురెదురుగా జరిగే ఈ ప్రయాణం చూపించాలంటే బొమ్మ కదలవలసిందే.

మాకు ప్రోగ్రామింగ్ పెద్దగా రాదు. మామూలు ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఒక స్లైడు మీద కొలిమి బొమ్మ వేసి, ప్రతి భాగానికి లింకు పెట్టాము. ఏ భాగం మీద నొక్కితే అక్కడ ఏం జరుగుతుందో తెరుచుకుంటుంది. మాటలు మా గొంతులోనే ఫోనులో రికార్డు చేసి కలిపాము. తరువాత ‘సున్నపురాయి వేయకపోతే ఏమవుతుంది?’ అనే ప్రశ్న పెట్టి మూడు మీటలు పెట్టాము. ఏమీ కాదు, ఇనుము కరగదు, ఇసుక మిగిలిపోతుంది – ఏది నొక్కితే దాని ఫలితం చూపించేలా చేశాము. ఖనిజంలో ఉండే సిలికా ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. సున్నంతో కలిస్తే అంతకంటే తక్కువ వేడిలోనే పలచని చిట్టెంగా మారి ఇనుము మీద తేలుతుంది. ‘ఏమీ కాదు’ నొక్కినవాళ్ళే ఎక్కువమంది. ‘తప్పు’ అని ఎర్ర గుర్తు పెట్టకుండా, పూడుకుపోయిన కొలిమి బొమ్మ చూపించాము. దాన్ని చూశాక మళ్ళీ వెనక్కి వెళ్ళి సున్నపురాయి మీట నొక్కమని ఎవరూ చెప్పలేదు, వాళ్ళే నొక్కారు.

అప్పుడే 9వ తరగతి తమ్ముడొకడు “ఇందులో మా నాన్న ఎక్కడుంటాడన్నా?” అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. మేము వేసిన బొమ్మలోనూ, అంతకుముందు ఇంటర్నెట్‌లో చూసిన బొమ్మలన్నిటిలోనూ మనిషి అనేవాడు లేడు. ఆదివారం ఆ తమ్ముడు ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్న చేత మాట్లాడించి ఫోనులో రికార్డు చేసుకొని వచ్చాడు. కొలిమి అడుగున ఉండే రంధ్రాన్ని డ్రిల్లుతో ఎలా తెరుస్తారో, కరిగిన ఇనుము ‘రన్నర్’ అనే కాలవలో ఎలా పారుతుందో, పైన తేలిన చిట్టెం ఎక్కడ వేరై పోతుందో, పని అయ్యాక ‘మడ్ గన్’తో మట్టి కొట్టి రంధ్రాన్ని ఎలా మూస్తారో ఆయన ఆరు నిమిషాల్లో చెప్పారు. వెండి రంగు కోటు వేసుకున్నా ముఖం కాలుతున్నట్టే ఉంటుందన్నారు. ఆ ఆరు నిమిషాలను క్యాస్ట్ హౌస్ బొమ్మకు జోడించాము. తరువాత ఆ పాఠం వేసిన ప్రతిసారీ పిల్లలు ముందు నొక్కేది దాన్నే. ఎంత ఖరీదైన కంపెనీ పాఠంలోనూ ఇది దొరకదని మేము కొంచెం గర్వంగానే చెప్పుకుంటున్నాము.

అయితే మనకు నచ్చినంత మాత్రాన మంచిదని అనుకోకూడదు. పరిశోధనలు ఏం చెబుతున్నాయో కూడా చూడాలి. గుజరాత్‌లోని వడోదరలో 2002 – 2004 మధ్య ప్రథమ్ సంస్థ మునిసిపల్ పాఠశాలల 4వ తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, ఒక కంప్యూటర్‌కు ఇద్దరు చొప్పున లెక్కల ఆటలు ఆడించింది. తరువాత నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తమ సహచరులతో కలిసి దీన్ని పరీక్షించారు. లెక్కల మార్కులు మొదటి సంవత్సరం 0.35, రెండవ సంవత్సరం 0.47 ప్రామాణిక విచలనాల మేరకు పెరిగాయి. అంటే సగటున ఉన్న పిల్లవాడు నూరుమందిలో సుమారు పదిహేను మందిని దాటి ముందుకు వెళ్ళినట్టు. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది.

ఇంకొక పరిశోధన మరీ ఆలోచింపజేస్తుంది. గుజరాత్‌లోనే జ్ఞానశాల అనే సంస్థ పాఠశాలల్లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త ఒకే కంప్యూటర్ పాఠాన్ని రెండు విధాలుగా పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. టీచరు చెప్పే సమయాన్ని తీసేసి ఆ సమయంలో కంప్యూటర్ పెడితే పిల్లలు 0.57 మేర వెనకబడ్డారు. బడి అయిపోయాక అదనంగా పెడితే 0.28 మేర ముందుకు వెళ్ళారు. పాఠం అదే, సాఫ్ట్‌వేర్ అదే. మంచి టీచరు ఉన్నచోట ఆమెను పక్కకు జరిపి యంత్రాన్ని పెట్టడం నష్టం. బడి తరువాతి వేళల్లో ఎవరూ లేనిచోట పెడితే లాభం. మిత్రులారా, సాయంత్రం 5 గంటల నుంచి రాత్రి 9 దాకా మన హాస్టల్ స్టడీ అవర్ సరిగ్గా ఆ రెండవ చోటే.

ఢిల్లీలో 2015లో కార్తీక్ మురళీధరన్ బృందం మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన పరిశోధనలో నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో 0.37, హిందీలో 0.23 పెరుగుదల కనిపించింది. దాని ప్రత్యేకత ఏమంటే, పిల్లవాడు 8వ తరగతిలో ఉన్నా అతనికి వచ్చింది 5వ తరగతి లెక్కలే అయితే అక్కడినుంచే మొదలుపెడుతుంది. తరగతి గదిలో 50 మంది ముందు “నాకు భాగహారం రాదు సార్” అని చెప్పుకోలేని పిల్లవాడు యంత్రం ముందు సిగ్గుపడడు. సప్లిమెంటరీలు రాసిన మాలో కొందరికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

సైన్సు ప్రయోగాల విషయంలో కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ‘ఫెట్’ సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి. చాలా వాటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. బల్బు, వైరు, బ్యాటరీ కలిపే సిమ్యులేషన్ మీద నేర్చుకున్న విద్యార్థులు, నిజమైన పరికరాలతో నేర్చుకున్నవారికంటే నిజమైన సర్క్యూట్ కట్టడంలో సైతం మెరుగ్గా ఉన్నారని 2005లో అక్కడి పరిశోధకులు రాశారు. మన నగరంలో కూడా నౌకా నిర్మాణ శిక్షణ కోసం 2017లో సాగరమాల పథకం కింద, సీమెన్స్ సంస్థ సహకారంతో నెలకొల్పిన సెమ్స్ కేంద్రంలో ఓడ నమూనాను ముందు కంప్యూటర్ మీదే గీసి నేర్చుకునే పద్ధతి ఉంది. పాలిటెక్నిక్, ఐటీఐ తమ్ముళ్ళు దాని గురించి తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. ఒక కంప్యూటర్, ఎనిమిది మంది పిల్లలు. మౌస్ ఎవరు పట్టుకుంటారు? మేము గమనించినంతలో మొదట పట్టుకున్నవాడే చివరిదాకా పట్టుకుంటాడు. వాడు సాధారణంగా బాగా చదివేవాడో, బలమున్నవాడో అయి ఉంటాడు. వెనక నిలబడ్డవాళ్ళకు అది మళ్ళీ సినిమానే. ఇది మన హాస్టల్ సమస్య మాత్రమే కాదు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో ఉదయ్ పవార్, జయోజీత్ పాల్, కెంటారో టొయామా భారతదేశపు పల్లె బడులలో ఇదే చూసి, 2006లో ఒకే కంప్యూటర్‌కు అనేక మౌస్‌లు తగిలించి, తెర మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు బాణం కనిపించేలా చేశారు. ఒక్క మౌస్ కొనడం కంప్యూటర్ కొనడంతో పోలిస్తే ఎంత! సమస్యను కనిపెట్టడానికి వాళ్ళకు పిల్లల వెనక నిలబడి చూడటమే సరిపోయింది.

ఆ సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదు. మేము చేసిన ఏర్పాటు వేరు. మౌస్ పట్టుకున్నవాడు మాట్లాడకూడదు. వెనక ఉన్నవాళ్ళలో ఒకరు ‘ఇక్కడ నొక్కు, ఎందుకంటే…’ అని కారణం చెబితేనే వాడు నొక్కాలి. మూడు ప్రశ్నలకొకసారి చేయి మారాలి. మొదటి వారం గొడవలే. ఇప్పుడు మౌస్ కంటే వెనక నిలబడి కారణం చెప్పడమే గొప్ప అని పిల్లలు అనుకుంటున్నారు.

2020లో మా డిగ్రీ మొదటి సంవత్సరం నాటికి హాస్టళ్ళు మూతబడ్డాయి. పదో తరగతి పిల్లలకు సప్తగిరి ఛానల్‌లో పాఠాలు వచ్చాయి. మాకు ఆన్‌లైన్ తరగతులు పెట్టారు. మాలో చాలామంది ఇళ్ళలో ఉన్నది ఒకే ఫోను. అది పొద్దున్నే నాన్న జేబులో పనికి వెళ్ళిపోయేది, రాత్రి తిరిగి వచ్చేసరికి ఛార్జింగ్ ఉండేది కాదు, డేటా అయిపోయి ఉండేది. అప్పుడు మాకు పంపిన పాఠాల్లో ఎంత మంచి మల్టీమీడియా ఉందో మాకు తెలిసే అవకాశమే రాలేదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు టాబ్లెట్లు ఇచ్చింది. పాఠాలు ముందే అందులో ఉండటం వల్ల నెట్ కోసం వెతుక్కునే పని తప్పింది. ఇది మంచి ఆలోచన. కాని ఆ పాఠాలు అందించిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పాఠం కంపెనీదైతే కంపెనీతోపాటే దాని భవిష్యత్తూ. అందుకే 2017లో మొదలైన దీక్షా వేదిక వంటివి, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఉచితంగా తెరుచుకునేవి, మనకు ఎక్కువ నమ్మకమైనవని మా అభిప్రాయం.

భాష గురించి ఒక మాట. దొరికే మంచి పాఠాల్లో ఎక్కువ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటున్నది కదా. ఇంగ్లీషు వీడియోను శబ్దం లేకుండా వేసి, పుస్తకం ముందు పెట్టుకొని ఒక పిల్లవాడి చేత తెలుగులో వ్యాఖ్యానం చెప్పించి చూడండి. క్రికెట్ కామెంటరీ లాగా ఉంటుంది, నవ్వులు వస్తాయి, కాని చెప్పినవాడు ఆ పాఠం మరచిపోడు.

ప్రస్తుతం స్టడీ రూములోని కంప్యూటర్‌లో మేము చేసిన పాఠాలు నాలుగు ఉన్నాయి: బ్లాస్ట్ కొలిమి, ఓమ్ నియమం, భిన్నాలు, గుండె. పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నవారు కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మా పేరు పెట్టనక్కరలేదు. ఐదవది రేవు గురించి మొదలుపెట్టాము. ఓడ ఎందుకు తేలుతుంది, సరుకు దించుతుంటే ఎంత పైకి లేస్తుంది అన్నది ప్లవన సూత్రాల పాఠం. రేవులో పనిచేసే నాన్నలు, బాబాయిలు ఉన్న తమ్ముళ్ళు వచ్చే ఆదివారం ఇంటికి వెళ్ళేటప్పుడు మమ్మల్ని కలవండి. ఏమేం అడగాలో కాగితం మీద రాసి ఉంచాము.